తిరుపతి సీట్లో 'సంప్రదాయ ఓటు' అనేది ఉందా? ఉంటే ఎట్లా లెక్క కట్టేది?

స్వర్ణముఖి:

అందరికీ నమస్కారం. రాష్ట్ర ఎన్నికల మీద సంప్రదాయవాద ఓటర్ల ప్రభావం గురించి ఒక వ్యాసం తయారుచేస్తున్నాను. సంప్రదాయవాదులు అంటే గుడి, ఆచారం, కుటుంబ కట్టుబాటు, సారాయి వంటి విషయాలు మనసులో పెట్టుకుని ఓటేసేవాళ్లు అని నా ఉద్దేశం. ఉదాహరణకు తిరుపతిని తీసుకున్నాను. టీవీ చర్చల్లో ఈ ఊరి గురించి రెండే మాటలు వినిపిస్తాయి. 'వెంకన్న ఊరు, ఇక్కడ హిందూ ఓటే గెలిపిస్తుంది' అని ఒకరు, 'అదంతా ఉత్తదే, కులమూ డబ్బే' అని ఇంకొకరు. ఇద్దరిలో ఎవరూ అంకెలు చూపించరు.

నాకు కావలసింది ఇది. బూతుల లెక్కల్లోంచి ఇలాంటి ఓటును పట్టుకోవచ్చా? పట్టుకోబోతే ఎక్కడెక్కడ తప్పుతాం? 2024 ఫలితంలో లడ్డూ నెయ్యి గొడవ వాటా ఎంత? సొంతంగా సర్వే చేయాలంటే ఎంతమందిని అడగాలి, ఏమని అడగాలి? 2009 నుంచి వివరాలు ఉంటే చాలు. డీలిమిటేషన్ (నియోజకవర్గాల సరిహద్దులు మార్చడం) తర్వాత మొదటి ఎన్నిక అదే కాబట్టి, అంతకు ముందు సరిహద్దులతో పోల్చే పని పెట్టుకోలేదు.


కోనేటికట్ట:

ముందు లడ్డూ సంగతి తేల్చేద్దాం. పోలింగ్ 2024 మే 13న, లెక్కింపు జూన్ 4న. నెయ్యి కల్తీ ఆరోపణ బయటికి వచ్చింది సెప్టెంబరులో. సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది అక్టోబరులో. కాబట్టి 2024 ఫలితంలో దాని వాటా సున్నా. ఈ తేదీలు చూసుకోకుండా రాసిన వ్యాసాలు చాలానే తిరుగుతున్నాయి, వాటిని ఆధారంగా తీసుకోవద్దు. దాని ప్రభావం ఏదైనా ఉంటే ఇకపై జరిగే ఎన్నికల్లో వెతకాలి.

ఇప్పుడు అసలు విషయం. తిరుపతి అసెంబ్లీ సీటు గెలిచిన పార్టీలను వరసగా చూడండి. 2009లో ప్రజారాజ్యం, చిరంజీవి. ఆయన రాజ్యసభకు పోతే 2012 ఉప ఎన్నికలో వైసీపీ, భూమన కరుణాకర్ రెడ్డి. 2014లో టీడీపీ, వెంకటరమణ. ఆయన చనిపోతే 2015 ఉప ఎన్నికలో ఆయన భార్య సుగుణమ్మ, లక్ష పైన మెజారిటీతో. 2019లో మళ్లీ భూమన, 708 ఓట్లతో. 2024లో జనసేన, ఆరణి శ్రీనివాసులు, దాదాపు 62 వేల మెజారిటీతో. అదే కొండ, అదే గుడి, కాస్త అటూ ఇటూగా అదే ఓటర్లు. పదిహేనేళ్లలో నాలుగు పార్టీలు. భక్తి ఒక్కటే ఓటును నడిపిస్తే ఇన్నిసార్లు పార్టీ మారదు. టీటీడీ ఛైర్మన్ పదవి ఓట్లు తెస్తుందనే మాట కూడా నిలబడదు. 2006 నుంచి 2008 దాకా ఛైర్మన్‌గా ఉన్న భూమన 2009లో ఓడిపోయారు. 2023లో మళ్లీ ఛైర్మన్ అయ్యారు, 2024లో ఆయన కుమారుడు అభినయ్ రెడ్డి ఓడిపోయారు.

దీన్ని పట్టుకుని సంప్రదాయ ఓటు లేనే లేదు అనెయ్యడం కూడా తొందరపాటే. అందరూ భక్తులైన ఊళ్లో భక్తి పార్టీలను విడగొట్టదు, అంతే. అది పనిచేసే చోటు వేరు. ఏ పార్టీ అభ్యర్థి అయినా నామినేషన్‌కు ముందు గుడి గడప తొక్కాలి, కొండ విషయంలో తేడా మాట అనకూడదు. ఆ గీత దాటినవాడికి నష్టం ఖాయం. గీతకు ఇటువైపు ఉన్నందుకు మాత్రం ఎవరికీ అదనంగా ఏమీ రాదు. ఇలాంటి ప్రభావం ఓట్ల తేడాలో కనబడదు, అందరూ గీత లోపలే ఉంటారు కాబట్టి. మీ వ్యాసానికి ఇదే ఆయువుపట్టు అని నా అభిప్రాయం.

అంకెల్లో చూడదగింది ఒకటుంది, చాలామంది వదిలేశారు. 2024లో తిరుపతి లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ సీట్లూ టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికే వచ్చాయి: సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు. ఎంపీ సీటు మాత్రం వైసీపీకి పోయింది. గురుమూర్తికి 6,32,228, బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావుకు 6,17,659. తేడా 14,569. అదే రోజు, అదే గదిలో, అదే ఓటరు రెండు మీటలు నొక్కాడు. ఒకటి గులాబీ కాగితం అంటించిన యంత్రం మీద అసెంబ్లీకి, ఇంకొకటి తెల్ల కాగితం అంటించిన దాని మీద పార్లమెంటుకు. మతం పేరుతో ఎక్కువగా గుర్తుపట్టే పార్టీ, శ్రీవారి ఊరున్న సీట్లో, తన మిత్రపక్షాలు ఏడింటికి ఏడూ గెలిచిన రోజున ఓడిపోయింది. పైగా ఇదే వరప్రసాదరావు 2014లో వైసీపీ తరఫున బీజేపీ అభ్యర్థి మీద గెలిచి ఎంపీ అయినవారే. 1999లో టీడీపీ పొత్తుతో బీజేపీ ఇక్కడ ఎంపీ సీటు గెలిచింది. అంటే పొత్తు ఉంటే చాలు అనీ అనలేం, పొత్తుతో ఎప్పుడూ గెలవదు అనీ అనలేం.

లెక్క కట్టే పద్ధతి చెబుతాను. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఫారం 20 ఉంటుంది. బూతు వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. అసెంబ్లీది వేరు, పార్లమెంటుది వేరు, రెండూ దించుకోవాలి. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే, చేత్తో ఎక్కించుకోక తప్పదు. ఎక్కించాక ప్రతి వరసా కూడి, అక్కడే ఉన్న మొత్తంతో సరిచూడండి. 3, 8 కలిసిపోయి కనబడే తప్పులు ఎక్కువ. ప్రతి బూతుకూ కూటమి ఎంపీ అభ్యర్థి శాతంలోంచి కూటమి ఎమ్మెల్యే అభ్యర్థి శాతాన్ని తీసేయండి. దాన్ని 'గండి' అనుకుందాం. పోస్టల్ ఓట్లు చివర విడిగా ఉంటాయి, అవి ఏ బూతువో తెలియదు, కలపొద్దు.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. తిరుచానూరు, అంటే తిరుపతి రూరల్ మండలం, చంద్రగిరి అసెంబ్లీ కిందకు వస్తుంది. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభలో ఉంది. పక్కనే ఉన్న రేణిగుంట మండలం శ్రీకాళహస్తి అసెంబ్లీలో, అంటే తిరుపతి లోక్‌సభలో ఉంది. 2024లో చంద్రగిరి ఓటరు ముందు రెండు యంత్రాల మీదా సైకిలే. రేణిగుంట ఓటరుకు అసెంబ్లీకి సైకిలు, పార్లమెంటుకు కమలం. కాబట్టి రేణిగుంట గండిలోంచి తిరుపతి రూరల్ గండిని తీసేస్తే, అభ్యర్థుల తేడాను పక్కన పెడితే, కమలం గుర్తు వల్ల వచ్చిందెంతో చేతికి దగ్గరగా వస్తుంది. తిరుపతి పట్టణాన్ని ఈ పోలికలో వాడకండి. అక్కడ అసెంబ్లీకి గాజు గ్లాసు, గుర్తులు రెండూ మారిపోయాయి.

తప్పులు జరిగే చోట్లు కూడా చెప్పాలి. పద్మావతమ్మ గుడి చూసి తిరుచానూరును తిరుపతి సీట్లో కలిపేస్తారు, అది మొదటిది. 2019లో 50వ బూతును 2024లో 50వ బూతుతో పోలుస్తారు. జాబితా సవరణలో బూతులు విడిపోతాయి, నంబర్లు జరిగిపోతాయి, 'ఎ' తోకతో అదనపు బూతులు వస్తాయి. నంబరు చూడకుండా బడి పేరు, వీధి పేరు చూసి జతపరచండి. ఒకే బడిలో ఉన్న బూతులన్నిటినీ కూడి ఒక యూనిట్‌గా పెట్టుకుంటే ఇంకా మేలు. అన్నిటికంటే పెద్ద తప్పు వేరే ఉంది. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న బూతుల్లో ఒక పార్టీకి ఎక్కువ వస్తే, 'భక్తులు దానికే వేశారు' అని రాసేస్తారు. గుడి చుట్టూ ఉండేది భక్తులు మాత్రమే కాదు. దుకాణాలవాళ్లు, లాడ్జీలవాళ్లు, పాత ఇళ్లల్లో అద్దెకున్నవాళ్లు, పూల అంగళ్లవాళ్లు ఉంటారు. బూతు అంకె బూతు గురించే చెబుతుంది, అందులోని మనిషి గురించి చెప్పదు.


పడమటిమండలాలు:

కోనేటికట్ట అన్న గుడి గురించి బాగా చెప్పారు. సంప్రదాయ ఓటు అనగానే అందరూ గుడి దగ్గరే ఆగిపోతారు, నాకు అదే అభ్యంతరం. మన రాష్ట్రంలో నైతిక పట్టింపుతో ఎన్నికను కదిలించిన విషయం ఏదైనా ఉందంటే అది సారాయి. అది కూడా మన పక్క నెల్లూరు జిల్లాలోనే పుట్టింది.

దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1991, 92లలో అది ఊరూరా పాకింది. కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించింది. ఎన్టీఆర్ ఇంకో అడుగు ముందుకేసి సంపూర్ణ మద్యనిషేధం అన్నారు. 1994 డిసెంబరు ఎన్నికల్లో 294 సీట్లలో టీడీపీకి 216 వచ్చాయి, కాంగ్రెస్ 26కు పడిపోయింది. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది.

కథ ఇక్కడ ఆపేస్తే 'ఆడవాళ్ల నైతిక ఓటు ప్రభుత్వాన్ని మార్చింది' అని రాసుకోవచ్చు. చాలామంది అక్కడే ఆపుతారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఆ ఆడవాళ్ల ఓటు అంత గట్టిగా ఆ ఒక్క విషయానికే కట్టుబడి ఉంటే 1999లో టీడీపీకి దెబ్బ తగలాలి. తగల్లేదు, 180 సీట్లతో మళ్లీ వచ్చింది. 1994లో సారాతో పాటు కిలో రెండు రూపాయల బియ్యం కూడా ఉంది, కాంగ్రెస్ మీద విసుగు కూడా ఉంది. వీటిలో సారా వాటా ఇంత అని విడదీసి చూపించే అంకె లేదు, ఎవరైనా చూపిస్తే ఎలా లెక్కేశారో అడగండి.

2019 తర్వాత జరిగింది ఇంకా గమనించదగింది. దశలవారీ నిషేధం అన్న హామీతో వైసీపీ 151 సీట్లు గెలిచింది. 2019 అక్టోబరు నుంచి అంగళ్లు ప్రభుత్వమే నడిపింది. 2020 మేలో ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం ధర పెంచారు, ధర పెంచితే తాగడం తగ్గుతుందన్నారు. కర్ణాటక, తమిళనాడు రెండూ ఆనుకుని ఉన్న చిత్తూరు జిల్లాలో దాని ఫలితం వెంటనే కనబడింది. కుప్పం, పలమనేరు వైపు కర్ణాటక ప్యాకెట్లు దిగాయి, చెక్‌పోస్టుల్లో కేసులు పెరిగాయి. 2024లో కూటమి ఇచ్చిన హామీ నిషేధం కాదు, తక్కువ ధరకు మంచి సరుకు. 1994లో నిషేధిస్తామని గెలిచిన పార్టీ, ముప్పై ఏళ్లకు ధర తగ్గిస్తామని గెలిచింది. ఆడవాళ్లకు తాగుడు మీద కోపం పోయిందా? లేదు. ఆ కోపానికి ఇప్పుడు ఏ పార్టీ గుర్తు దగ్గరా చోటు లేదు. ఓటర్ల పట్టింపు ఉన్నా దాన్ని మోసే పార్టీ లేకపోతే అది ఫలితంలో కనబడదు. స్వర్ణముఖి గారు ఈ అంశాన్ని వదలొద్దని నా మనవి.

గీత గురించి అన్న చెప్పినదానికి గుడితో సంబంధం లేని ఉదాహరణ ఒకటి. సంక్రాంతికి చంద్రగిరి మండలం రంగంపేట వైపు పశువుల పండుగ. కొమ్ములకు పలకలు కట్టి ఎడ్లను వదులుతారు, కుర్రోళ్లు వాటిని నిలవేసి పలక లాక్కుంటారు. దెబ్బలు తగులుతాయి, పోలీసులు ముందే హెచ్చరిస్తారు. ఓట్లడిగే ఏ పార్టీ నాయకుడూ దీన్ని ఆపమని వేదికెక్కి అనడు. ఆచారం మీద ఓటరు పట్టు ఎంతో తెలుసుకోవాలంటే నాయకులు ఏం మాట్లాడుతున్నారో కాదు, ఏం మాట్లాడటం లేదో రాసుకోండి.


స్వర్ణముఖి:

ఇద్దరికీ ధన్యవాదాలు. రేణిగుంట, తిరుపతి రూరల్ పోలిక నాకు తట్టనే లేదు. రెండు సందేహాలు. 2019లో 708 ఓట్ల తేడా అంటే సంప్రదాయ ఓటే ఆ సీటు తేల్చిందని అనవచ్చా? తిరుపతి అసెంబ్లీ వరకు 400 మందితో సర్వే చేస్తే సరిపోతుందా?


కోనేటికట్ట:

708 తేడాలో 355 మంది అటునుంచి ఇటు మారితే ఫలితం తిరగబడుతుంది. అంత సన్నటి తేడాలో పోస్టల్ ఓట్లు తేల్చాయనవచ్చు, నోటా తేల్చిందనవచ్చు, ఒక వీధిలో నీళ్లు రాకపోవడం తేల్చిందనవచ్చు. అన్నీ నిజమే, అందుకే ఏదీ పనికిరాదు. ఆ అంకెను 'ఇక్కడ చిన్న గుంపు కూడా ముఖ్యమే' అనడానికి వాడండి, 'ఫలానా గుంపే గెలిపించింది' అనడానికి వాడొద్దు. సర్వే సంగతి కింద ఎవరైనా తెలిసినవాళ్లు చెబుతారు.


తాతయ్యగుంట:

400 మంది అంటే మొత్తం మీద ఐదు శాతం అటూ ఇటూ పొరపాటు ఉంటుంది, అదీ చీటీలు తీసినట్టు ఎంపిక చేస్తేనే. 20 బూతుల్లో 20 మంది చొప్పున అడిగితే, ఒకే వీధివాళ్లు ఒకేలా ఆలోచిస్తారు కాబట్టి ఆ 400 నిజానికి 270 మందికి సమానం అనుకోండి. అప్పుడు ఆరు శాతం. అందులోంచి గట్టి ఆచారపరులు అని 100 మందిని విడదీస్తే వాళ్ల మీద చెప్పే మాటకు పది శాతం పొరపాటు. రెండు పార్టీల మధ్య ఆరేడు శాతం తేడా గురించి మాట్లాడటానికి ఇది చాలదు. వెయ్యి మంది, 50 బూతులు పెట్టుకుంటే బాగుంటుంది. చేయలేకపోతే 400తోనే చేయండి, కానీ పార్టీ ఓటు అంచనా జోలికి పోకుండా ఎవరు దేన్ని ముఖ్యం అనుకుంటున్నారో చెప్పడంతో ఆగండి. రాష్ట్ర స్థాయి సర్వేలు చాలావరకు కొన్ని వేల మందితోనే చేస్తారు, వాటిలోంచి తిరుపతి ముక్క కోసి చూపించడం తప్పు. అందులో ఈ ఊరివాళ్లు పదుల్లోనే ఉంటారు.

ఎంపిక ఎలాగంటే, బూతులన్నీ వరసగా రాసి ఓటర్ల సంఖ్యను కూడుకుంటూ పోయి, సమాన దూరంలో బూతులు ఏరండి. పెద్ద బూతుకు పెద్ద అవకాశం రావాలి. తర్వాత ఆ బూతు జాబితాలో 1,200 మంది ఉంటే ప్రతి 60వ పేరు. మొదటి పేరు 1 నుంచి 60 లోపు చీటీ తీసి మొదలుపెట్టండి. ఇంటికి పోతే ఆ మనిషి లేకపోతే పక్కింటివాళ్లను అడగకండి. మూడుసార్లు పోండి. అందులో ఒకసారి ఆదివారం, ఒకసారి పొద్దుగూకాక. పగలే తిరిగితే ఇంట్లో ఉండే ముసలివాళ్లు, గృహిణులే దొరుకుతారు, సంప్రదాయం వాటా ఎక్కువగా కనబడుతుంది. బెంగుళూరు, చెన్నై పనులకు పోయిన కుర్రోళ్లు జాబితాలో ఉంటారు, ఓటుకు వచ్చి పోతారు. వాళ్లను ఫోన్లో పట్టుకోకపోతే మీ లెక్కలో ఊరు ఉన్నదానికంటే పాతబడిపోతుంది.

ప్రశ్నలే అసలు కష్టం. తిరుపతిలో 'మీరు దేవుణ్ణి నమ్ముతారా', 'గుడి మీకు ముఖ్యమా' అని అడగడం వృథా. అందరూ అవునంటారు, అందరూ అవునన్న ప్రశ్న దేన్నీ వేరు చేయదు. చేసే పని అడగండి: పోయిన నెలలో ఎన్నిసార్లు గుడికి పోయారు, ఏ వారం మాంసం ముట్టరు, పెళ్లి ముహూర్తం చూడకుండా చేస్తారా. తర్వాత కట్టుబాటు: అమ్మాయి వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే ఒప్పుకుంటారా, ఆడపిల్ల రాత్రి షిఫ్టు ఉద్యోగానికి పోవచ్చా. మూడోది రాజకీయం: గుళ్లు దేవాదాయ శాఖ కింద ఉండాలా వద్దా, మద్యం అంగళ్లు మూయాలా ధర తగ్గించాలా. ఈ మూడూ ఒకటే అనుకుని ఒకే మార్కు వేయొద్దు. నెలకు నాలుగుసార్లు గుడికి పోయే మనిషి కూతుర్ని రాత్రి షిఫ్టుకు పంపుతాడు. గుడికే పోని మనిషి వేరే కులం పెళ్లి అంటే ఒప్పుకోడు. మూడు మార్కులు విడిగా వేసి, ఏది ఓటుతో కదులుతుందో చూడండి.

ఇంకొక రకం ప్రశ్న తప్పకుండా పెట్టండి, తూకం వేయించేది. 'కొండ గురించి మీకు నచ్చిన మాట చెప్పే అభ్యర్థి ఒకరు, మీ పింఛను పెంచుతాననే అభ్యర్థి ఒకరు, వీళ్లిద్దరే ఉంటే ఎవరు?' సగం మందికి పేర్లు ముందు వెనకలు చేసి చదవండి, మొదట విన్నది ఎంచుకునే అలవాటు ఉంటుంది. ఓటు ఎవరికి వేశారో నోటితో అడగకండి. అభ్యర్థుల పేర్లు, గుర్తులు అచ్చేసిన కాగితం ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమనండి. ఇంట్లో అత్తగారు వింటుంటే కోడలు నిజం చెప్పదు, మగవాళ్లను అడగడానికి మగవాళ్లు, ఆడవాళ్లను అడగడానికి ఆడవాళ్లు పోవాలి. ఫలితం వచ్చాక అడిగితే గెలిచినవాడికే వేశామనేవాళ్లు పెరుగుతారు. మీ కాగితాల శాతాన్ని ఆ బూతుల ఫారం 20 శాతంతో పోల్చి, ఎంత వంగిందో వ్యాసంలో రాసేయండి.

మతం, కులం విషయం జాగ్రత్త. ఓటరు జాబితాలో ఆ రెండూ ఉండవు. పేరు చూసి వేసే అంచనా మన దగ్గర బాగా బెడిసికొడుతుంది. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది. అందువల్ల చర్చికి పోతూ కాగితాల్లో హిందువుగా ఉన్న కుటుంబాలు ఉంటాయి. పేరు బట్టి వాళ్లను 'హిందూ ఓటు'లో వేస్తే మీ లెక్క మొత్తం పక్కకు పోతుంది. ఆ మనిషినే మర్యాదగా అడగండి, చెప్పకపోతే ఖాళీ వదలండి. బలిజ, రెడ్డి, ఎస్సీ, బీసీ తేడాలు, ఇంట్లో పింఛను ఉందా లేదా అన్నది పక్కన పెట్టుకుని చూడకపోతే, మీరు ఆచారం అనుకున్నది చివరికి కులమో పింఛనో అయి తేలుతుంది. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటల్లో సర్వే ఫలితం బయట పెట్టకూడదనే నిబంధన కూడా గుర్తుపెట్టుకోండి.


గంగుండ్రమండపం:

చట్టం వైపు నాలుగు మాటలు. ఇది తెలియకపోతే అభ్యర్థులు ఎందుకు అంత ఆచితూచి మాట్లాడతారో అర్థం కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం, కులం, భాష పేరుతో ఓటడగడం అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, 4-3 తేడాతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు ఎత్తి అడిగినా అదే తప్పు అని చెప్పింది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. రుజువైతే ఎన్నిక రద్దు, ఆరేళ్ల దాకా అనర్హత. రుజువు చేయడమే కష్టం. ఆ మాట అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, ఆయన ఒప్పుకోలుతో వేరొకరు గానీ అన్నట్టు చూపించాలి. అందుకే వీధి కార్యకర్త అన్న మాట మీద కేసులు నిలవవు. 1988 చట్టం ఇంకొకటి ఉంది, గుడి, మసీదు, చర్చి ఆవరణలను రాజకీయ పనికి వాడకూడదని. తిరుమలలో రాజకీయ ప్రసంగాలు వద్దని టీటీడీ బోర్డు 2024 నవంబరులో విడిగా తీర్మానం చేసింది. కాబట్టి మీరు ప్రసంగాల్లో 'హిందూ ఓటు' అన్న మాట కోసం వెతికితే దొరకదు. దర్శనం ఫోటో, నుదుటి నామం, 'మన కొండ' అన్న మాట వెతకండి.


పడమటిమండలాలు:

2021 ఉప ఎన్నిక ఎవరూ ఎత్తలేదు. గుడి విషయం రాజకీయంగా బాగా వేడెక్కి ఉన్నప్పుడు జరిగిన ఎన్నిక అదే కదా? 2020 సెప్టెంబరులో అంతర్వేది గుడి రథం కాలిపోయింది, డిసెంబరులో రామతీర్థం గుడిలో విగ్రహం ధ్వంసమైంది. వెంటనే 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ పోలింగ్. బీజేపీ ఓటు నాలుగింతలు పెరిగిందని అప్పట్లో రాశారు.


కోనేటికట్ట:

పెరిగింది నిజం, కానీ ఏ గట్టు మీద నుంచి కొలిచారో చూడాలి. 2019లో ఇక్కడ బీజేపీకి ఒక శాతం పైచిలుకు, నోటా కంటే తక్కువ. 2021లో ఆ పార్టీ అభ్యర్థి రత్నప్రభకు 57 వేల పైచిలుకు, సుమారు 5 శాతం. డిపాజిట్‌కు పోలైన ఓట్లలో ఆరో వంతు రావాలి, రాలేదు. పైగా 2019లో జనసేన ఇక్కడ బీఎస్పీకి మద్దతిచ్చింది, 2021లో బీజేపీకి ఇచ్చింది. కాబట్టి ఆ పెరుగుదలలో కొంత జనసేన ఓటు, అదంతా గుడి కోపం కాదు.

ఇక అధికార పార్టీ వైపు చూడండి. గుళ్ల మీద దాడుల కోపం ప్రభుత్వం మీదికి తిరిగితే వైసీపీ శాతం తగ్గాలి. 2019లో దాదాపు 55, 2021లో దాదాపు 57. గురుమూర్తికి 6,26,108, టీడీపీ పనబాక లక్ష్మికి 3,54,516. మెజారిటీ 2,28,376 నుంచి 2,71,592కు పెరిగింది, అదీ పోలింగ్ బాగా తగ్గిన ఎన్నికలో. తగ్గింది టీడీపీ శాతం. దీన్నిబట్టి టీడీపీ ఓటర్లు బీజేపీకి పోయారని కూడా రాయొద్దు, ఎవరు ఇంట్లో ఉండిపోయారో మొత్తం అంకె చెప్పదు.

ఈ ఎన్నికకు పైన చెప్పిన గండి పద్ధతి వాడకండి. ఉప ఎన్నిక కాబట్టి అసెంబ్లీ యంత్రం లేదు, పోల్చడానికి రెండో మీట లేదు. 2019 పార్లమెంటు ఫారం 20తోనే పోల్చాలి, బడి పేర్లతో జతపరిచి. తిరుపతి పట్టణం బూతులను ఒక్కదాన్ని మాత్రం విడిగా పెట్టండి. అక్కడ దొంగ ఓట్ల ఫిర్యాదులు గట్టిగా వచ్చాయి, తర్వాత ఎన్నికల సంఘం అధికారుల మీద చర్య కూడా తీసుకుంది. మిగతా ఆరు సీట్ల బూతులతో ముందు లెక్క చేసి, పట్టణాన్ని కలిపితే ఎంత మారుతుందో రెండో పట్టికలో చూపించండి.